వెనక సీటు లెక్క

నాలుగేళ్ల కారు ఇచ్చేసి ఇరవై మూడేళ్ల కారు తెచ్చుకుందామనుకున్న ఒక నెల ముచ్చట

టార్పాలిన్ తీయడానికి సాయం రమ్మని మావయ్యగారు ఫోన్ చేశారు. అంతవరకే అనుకుని వెళ్లాను. అది 2025 నవంబరులో ఒక ఆదివారం. ఉతైలో ఆయన ఇంటి పక్కన రేకుల షెడ్డు ఉంది. చెరో కొసా పట్టుకుని లాగేసరికి కింద వెండి రంగు హోండా సిటీ. 2002 మోడల్. డిక్కీ మీద చిన్న అక్షరాల్లో వీటెక్ అని ఉంది. ఎక్కడా సొట్ట లేదు. లోపల స్టీరింగ్ మీద నలుపు కాస్త అరిగి మెరుస్తోంది. వెనక సీటు బట్ట మాత్రం షోరూం నుంచి నిన్ననే వచ్చినట్టుంది. అది ఎందుకలా ఉందో ఆ రోజు ఆలోచించలేదు.

"వైజాగ్ ఎల్లిపోతన్నాను బాబూ, అమ్మాయి దగ్గరికి. దీన్నేటి సెయ్యాలో తెలీడం లేదు. ఒకసారి తిప్పి సూడు" అంటూ తాళం చేతిలో పెట్టారు.

ఆ తాళం తీసుకోకుండా ఉంటే మా ఇంట్లో నెల రోజుల వాదన తప్పేది.

మావయ్యగారంటే చుట్టం కాదు. భిలాయిలో నాన్నతో కలిసి పనిచేసిన ప్రతి తెలుగాయనా మాకు మావయ్యే. సోవియట్ యూనియన్‌తో 1955లో కుదిరిన ఒప్పందంతో మొదలై, 1959 ఫిబ్రవరిలో రాష్ట్రపతి రాజేంద్రప్రసాద్ చేతుల మీదుగా మొదటి బ్లాస్ట్ ఫర్నేస్ వెలిగించుకున్న ఈ ఉక్కు ఊరికి ఉత్తరాంధ్ర నుంచి ఎన్నో కుటుంబాలు రైలెక్కి వచ్చాయి. బడిలో హిందీ, ఇంట్లో శ్రీకాకుళం యాస, పండగకి సెక్టార్ 5 బాలాజీ మందిరం. ఇదీ మా తరం బాల్యం. ఉద్యోగం ఉన్నంతకాలం టౌన్‌షిప్ క్వార్టర్. రిటైరయ్యాక రిసాలీలోనో, నేవయీలోనో, ఇంకాస్త చవగ్గా కావాలంటే ఉతైలోనో సొంతిల్లు. మా నాన్న రిసాలీ దగ్గర ఆగారు. మావయ్యగారు ఇంకొంచెం ముందుకెళ్లి, సీఐఎస్ఎఫ్ శిక్షణ కేంద్రం ఉన్న ఉతైలో వరి చేల పక్కన ఇల్లు కట్టుకున్నారు.

నేను విలేఖరిని. వారానికి మూడు రోజులు రాయ్‌పూర్ వెళ్లి రావాలి. 2021లో అప్పు చేసి ఒక చిన్న ఎస్‌యూవీ కొన్నాను. పేరెందుకు, రోడ్డు మీద అలాంటివి పదింటిలో ఆరు కనబడతాయి. దాని గురించి ఫిర్యాదేమీ లేదు. పొద్దున తిప్పితే స్టార్టవుతుంది. సాయంత్రం ఇంటికి తెస్తుంది. మధ్యలో సీటు బెల్టు పెట్టుకోమని, తలుపు సరిగా వేయలేదని, సర్వీసు దగ్గర పడిందని మూడు రకాల గంటలు కొడుతుంది. నాలుగేళ్లలో ఒక్కసారి కూడా దిగి తాళం వేశాక వెనక్కి తిరిగి దానివంక చూడలేదు. కారును ప్రేమించేవాళ్లకు ఈ మాట అర్థమవుతుంది.

మావయ్యగారి సిటీని ఉతై నుంచి పాటన్ రోడ్డు పట్టించాను. రెండు పక్కలా కోతకొచ్చిన వరి. మొదట్లో అది సాధారణమైన పాత కారే. స్టీరింగ్ కాస్త బరువు. సీటు ఎంత కిందికంటే, ఎదురొచ్చే ట్రాక్టరు చక్రాలు నా కళ్ల ఎత్తులో ఉన్నాయి. ఊరు దాటి రోడ్డు ఖాళీగా కనబడ్డాక రెండో గేరులో ఉంచి కాలు నొక్కాను. ముల్లు అయిదు వేలు దాటగానే ఇంజన్ గొంతు మారింది. అప్పటిదాకా పళ్లెంలో చెంచా తిప్పినట్టున్న శబ్దం ఒక్కసారిగా కంచు మోగినట్టయింది. ఎనభైకి చేరాక కాలు తీసేశాను. మొత్తం కలిపి అయిదారు సెకన్లు. అలా నవ్వుకుని ఎన్నాళ్లయిందో గుర్తు లేదు.

ఆ గొంతు మారడం వెనక ఉన్న విద్య చిన్నదే. ఇంజన్‌లోకి గాలీ పెట్రోలూ రావడానికి, పొగ బయటికి పోవడానికి వాల్వులు ఉంటాయి. వాటిని నొక్కి తెరిచే ఇరుసును క్యామ్ షాఫ్ట్ అంటారు. మామూలు ఇంజన్‌లో ఎంత వేగంలోనైనా అవి ఒకే తీరున తెరుచుకుంటాయి. వీటెక్‌లో నెమ్మదిగా పోతున్నప్పుడు ఒక తీరు, వేగం పెరిగాక ఇంకో తీరు. అప్పుడు వాల్వులు ఇంకా ఎక్కువగా, ఇంకా ఎక్కువసేపు తెరుచుకుంటాయి. పొదుపు ఒక క్యామ్ మీద, పొగరు ఇంకో క్యామ్ మీద. ఒకటిన్నర లీటరు ఇంజన్, 106 హార్స్‌పవర్, లాగాల్సిన బరువు టన్ను పైచిలుకు. 2000లో అది మన దేశంలోకి వచ్చినప్పుడు మధ్యతరగతి ఇంటి ముందు నిలబడగలిగే కార్లలో అంత చలాకీది అరుదు.

అలాంటి కార్లు తర్వాత ఏమయ్యాయి? ఈ ప్రశ్నకు జవాబు కొంత మనలో ఉంది, కొంత ఢిల్లీలో ఉంది.

మనలో ఉన్నది "కిత్నా దేతీ హై?" అనే ప్రశ్న. లీటరుకు ఎంత ఇస్తుంది? భిలాయిలో కొత్త కారు కొన్నవాడిని రంగు గురించి అడిగేవాళ్లు తక్కువ, ఇది అడగనివాళ్లు లేరు. కంపెనీలు కూడా విన్నాయి. 2003లో సిటీ కొత్త రూపంలో వచ్చినప్పుడు దానిలో పెట్టింది 77 హార్స్‌పవర్ ఇంజన్. పొదుపు కోసం సిలిండరుకు రెండు స్పార్క్ ప్లగ్గులు. కొనేవాళ్లు పెరిగారు. అభిమానులు మాత్రం పాతదాన్ని పట్టుకుని కూర్చున్నారు. వీటెక్ ఆ తర్వాత మళ్లీ వచ్చింది గానీ, ఆ తేలికైన ఒళ్లు మళ్లీ రాలేదు.

ఢిల్లీలో ఉన్నది 2006 బడ్జెట్. చిన్న కార్ల మీద ఎక్సైజ్ సుంకాన్ని ఆనాటి ఆర్థిక మంత్రి చిదంబరం 24 శాతం నుంచి 16కి తగ్గించారు. చిన్న కారంటే ఏమిటో కూడా అందులోనే చెప్పారు. పొడవు నాలుగు మీటర్లు దాటకూడదు, పెట్రోలు ఇంజన్ 1200 సీసీ, డీజిల్‌దైతే 1500 సీసీ దాటకూడదు. ఆ గీత లోపల ఇమడడానికి డిక్కీలు కోసుకున్న సెడాన్లు వచ్చాయి, కుదించిన ఎస్‌యూవీలు వచ్చాయి. పన్ను పేరు మారి జీఎస్టీ వచ్చినా ఆ గీత పోలేదు. 2025 సెప్టెంబరు 22 నుంచి గీతకు ఇవతల 18 శాతం, అవతల 40 శాతం. నా కారు పొడవు 3.99 మీటర్లు, ఇంజన్ 1.2 లీటర్లు. రాజనీతి శాస్త్రం ఎం.ఏ.లో రాజ్యం పౌరుడి జీవితంలోకి ఏయే దారుల్లో వస్తుందో రెండేళ్లు చదివాను. బంపర్ పొడవు కొలుచుకుంటూ కూడా వస్తుందని ఏ పుస్తకంలోనూ లేదు.

ఇంటికొచ్చి విషయం చెప్పాను. మార్చుకుందామని ఉందన్నాను. మా ఆవిడ కామర్స్ టీచరు. "సరే, కాగితం తీయండి" అంది.

కాగితం మధ్యలో గీత గీశాం. మొదటి దఫా నాకే అనుకూలం. సుపేలాలో సెకండ్‌హ్యాండ్ కార్ల వ్యాపారి నా ఎస్‌యూవీకి 5.6 లక్షలు ఇస్తానన్నాడు. బ్యాంకుకు ఇంకా కట్టాల్సింది 1.1 లక్షలు. మావయ్యగారు అడిగింది 2 లక్షలు. అంటే ఇష్టమైన కారు వస్తుంది, నెల వాయిదా పోతుంది, పైగా చేతిలో 2.5 లక్షలు మిగులుతాయి. ఇంతకంటే తెలివైన బేరం ఉంటుందా అన్నాను. ఆవిడ ఏమీ అనకుండా రెండో దఫా రాసింది.

నెలకు నేను తిరిగేది సుమారు 1,200 కిలోమీటర్లు. ఇప్పటి కారు లీటరుకు 16 ఇస్తోంది. మావయ్యగారు పెట్రోలు పోయించినప్పుడల్లా డైరీలో రాసుకున్న లెక్క ప్రకారం సిటీ ఇచ్చేది 11. నెలకు 34 లీటర్లు ఎక్కువ. లీటరు నూరు రూపాయల దరిదాపుల్లో వేసుకున్నా ఏడాదికి 40 వేల పైమాటే. ఆ డైరీలో చాలా పేజీలు ఇప్పుడు బంకుల్లో పోస్తున్న పెట్రోలు రాకముందువి. 20 శాతం ఇథనాల్ కలిపిన ఇప్పటి పెట్రోలు వల్ల, దానికోసం తయారుకాని పాత కార్లలో మైలేజీ 6 నుంచి 7 శాతం దాకా పడిపోవచ్చని 2021లో నీతి ఆయోగ్ నివేదికే చెప్పింది. మైలేజీ సంగతి సరే, పాత రబ్బరు గొట్టాలు, సీళ్లు కూడా ఇథనాల్‌కు త్వరగా పాడవుతాయి. ఇక్కడో తమాషా ఉంది. ఛత్తీస్‌గఢ్‌ను వరి గిన్నె అంటారు. ఎఫ్‌సీఐ దగ్గర మిగిలిన బియ్యంతో ఇథనాల్ తీయడానికి 2020లోనే కేంద్రం అనుమతించింది. పాటన్ రోడ్డు పక్కన నేను ముచ్చటపడి చూసిన వరి చేలే రేపు నా కారు పైపులు తినేయవచ్చు.

మూడో దఫా రిజిస్ట్రేషన్. మన దేశంలో సొంత కారుకు మొదటి రిజిస్ట్రేషన్ 15 ఏళ్లకు. తర్వాత అయిదేళ్లకోసారి ఫిట్‌నెస్ చూపించి పొడిగించుకోవాలి. ఈ కారుకు 2017లో ఒకసారి, 2022లో ఒకసారి అయింది. మళ్లీ 2027లో. పదిహేనేళ్లు దాటిన కారుకు పొడిగింపు రుసుము 2022 ఏప్రిల్ నుంచి 600 రూపాయల నుంచి 5,000 అయింది. ఇరవై ఏళ్లు దాటినవాటికి 2025 ఆగస్టులో దాన్ని 10,000 చేశారు. డబ్బు పెద్ద విషయం కాదు. పాత బండిని ఉంచుకునేవాడిని ప్రభుత్వం ఏ కంటితో చూస్తోందో ఆ అంకెల్లో తెలుస్తుంది. ఢిల్లీలో పదిహేనేళ్ల పెట్రోలు బండ్ల మీద నిషేధం గురించి కోర్టుల్లో ఏళ్ల తరబడి సాగిన వ్యవహారం చూశాక, ఆ గాలి మా దుర్గ్ జిల్లాకు ఎప్పుడొస్తుందో అని ఎవరికైనా అనిపిస్తుంది.

ఇన్సూరెన్సు ఇంకో దఫా. అయిదేళ్లు దాటిన బండి విలువ ఎంతో కంపెనీ, యజమాని మాట్లాడుకుని తేల్చుకోవాలి. ఇరవై మూడేళ్ల బండికి మాట్లాడుకోవడానికి ఏముంటుంది? దేనికైనా గుద్దితే, మరమ్మతు ఖర్చు కారు ఖరీదును దాటిపోతుంది.

ఈ లెక్కలన్నీ విన్నాక నాన్న ఒక్కటే అడిగారు. "దానికి క్యాపిటల్ రిపేర్ ఎప్పుడయిందిరా?"

ఇది భిలాయి మాట. బ్లాస్ట్ ఫర్నేస్ లోపల అగ్నికి ఆగే ఇటుకల పొర ఉంటుంది. ఏళ్ల తరబడి కరిగిన ఇనుము తాకిడికి అది అరిగిపోతుంది. పైపై మరమ్మతులతో కొన్నాళ్లు లాగుతారు. ఆ తర్వాత ఫర్నేస్ చల్లార్చి, లోపలంతా విప్పి, కొత్త పొర కట్టాల్సిందే. దాన్నే క్యాపిటల్ రిపేర్ అంటారు. ఏ ఫర్నేస్‌కు ఎప్పుడు అయిందో నాన్నకు మా పుట్టినరోజుల కంటే బాగా గుర్తు. 2018లో మహామాయ పేరుతో ఎనిమిదో ఫర్నేస్ వెలిగించినప్పుడు ఆయన రిటైరై చాలాకాలమైంది. రోజుకు 8,030 టన్నుల సామర్థ్యమట అని పేపరు చదివి వినిపిస్తే, "పాతవాటి గుణం మాకు శబ్దాన్ని బట్టి తెలిసేది" అని మాత్రం అన్నారు. అలాంటి మనిషి నా పక్షాన ఉంటాడనుకున్నాను. ఆయన క్యాపిటల్ రిపేర్ దగ్గర ఆగారు.

మావయ్యగారి డైరీ తెచ్చి చూశాను. 2014లో టైమింగ్ బెల్టు. 2018లో సస్పెన్షన్ బుష్‌లు. 2021లో క్లచ్. ఇంజన్ ఇంతవరకు విప్పలేదు. సుపేలాలో ఆ కారును మొదటినుంచీ చూస్తున్న మెకానిక్‌ను అడిగాను. "ఇంజన్ బాగానే ఉంది భయ్యా. కానీ సామాను రాయ్‌పూర్‌లో దొరకదు. కొన్ని ఢిల్లీ నుంచి, కొన్ని పాత కారు విప్పినప్పుడు తీసుకోవాలి. మీకు రోజూ బండి కావాలంటే రెండో బండి ఉండాలి" అన్నాడు. దాన్ని నడపాలంటే ఇంకోటి ఉండాలన్నమాట. మా వాకిట్లో ఒకటే పడుతుంది.

అయినా నా మనసు కదల్లేదు. ఎందుకంటే ఈ లెక్కలన్నీ డబ్బుకు సంబంధించినవి. డబ్బు లెక్క చూసుకునేవాడు అసలు కారే కొనడు. భిలాయి నుంచి రాయ్‌పూర్‌కు బస్సుంది, రైలుంది. జీవితంలో ఒక్క వస్తువైనా మైలేజీ అడక్కుండా కొనుక్కునే హక్కు మనిషికి ఉండాలి కదా? మా నాన్న తరం కొన్న ప్రతిదీ ఇంటికోసమే. స్కూటరు కొన్నది మమ్మల్ని బడికి దింపడానికి. ఫ్రిజ్ అమ్మ కోసం. తన కోసం ఆయన కొనుక్కున్న వస్తువు ఏదని ఒకసారి అడిగితే చాలాసేపు ఆలోచించి, "ట్రాన్సిస్టర్" అన్నారు. అది కూడా క్రికెట్ కామెంటరీ కోసం వీధంతా విన్నదే. ఈ వరస ఎక్కడో తెగాలి అనిపించింది. నాకు ముప్పై ఏడేళ్లు. ఇప్పుడు కాకపోతే ఎప్పుడు?

ఇక్కడే మావయ్యగారి కథ చెప్పాలి. ఆయన రైల్ మిల్లులో క్రేన్ ఆపరేటర్. దేశమంతటా రైళ్లు పరిగెత్తే పట్టాలను ముప్పై అయిదేళ్లకు పైగా ఎత్తి దించారు. తాను మాత్రం సైకిల్ మీద డ్యూటీకి వెళ్లారు. 2009లో రిటైరయ్యారు. అంతకు రెండేళ్ల ముందే అత్తయ్య పోయారు. 2010లో ఒక ఆఫీసరు అమ్ముతున్న ఈ సిటీని చూసి, వచ్చిన డబ్బులోంచి కొనేశారు. మేడ కట్టుకో, అమ్మాయి పేర డిపాజిట్ చెయ్యి అని చెప్పనివాళ్లు లేరు. మా నాన్న కూడా చెప్పారు. ఆయన వినలేదు. ప్రతి వేసవికీ ధమ్తరి, కోరాపుట్, సాలూరు మీదుగా ఒక్కరే కారు నడుపుకుంటూ సొంతూరికి వెళ్లేవారు. సాలూరు ఘాట్‌లో ఏ మలుపుకు ఏ గేరో డైరీలో రాసుకున్నారు. గ్లకోమాతో చూపు తగ్గి రెండేళ్ల కిందట నడపడం మానేశారు. ఆదివారాలు షెడ్డులోనే స్టార్ట్ చేసి పది నిమిషాలు వినేవారట.

ఆ ఇంట్లో మేడ లేదు. అయినా ఆయన చింతపడగా ఎవరూ చూడలేదు. నాకు ఇంతకంటే సాక్ష్యం ఏం కావాలి?

డిసెంబరు మొదటివారంలో కారు రెండు రోజులు నా దగ్గర ఉంచుకోమన్నారు. ఇంటివాళ్లంతా ఎక్కి చూడాలిగా అన్నారు. మొదటి రోజు నాన్నను గురువారం చెకప్‌కు సెక్టార్ 9 ఆస్పత్రికి తీసుకెళ్లాలి. ఆయనకు డెబ్భై నాలుగు. మోకాళ్లు రెండూ అరిగాయి. ఎస్‌యూవీ సీటు ఆయన నడుం ఎత్తులో ఉంటుంది, వెనక్కి వాలి కూర్చుని కాళ్లు లోపలికి తీసుకుంటారు. సిటీ సీటు నేలకు జానెడు పైన ఉన్నట్టుంటుంది. తలుపు పట్టుకుని ఒక కాలు లోపల పెట్టారు. వంగబోయారు. ఆగారు. ఇంకోసారి ప్రయత్నించారు. నేను చంకల కింద చేతులు వేసి దించాను. ఆస్పత్రి దగ్గర పైకి లాగడానికి నేనూ ఒక వార్డుబోయ్ కావలసివచ్చాం. "బాగుందిరా కారు, మెత్తగా పోతోంది" అన్నారు నాన్న. మొహం మీద చెమట ఉంది. అది డిసెంబరు.

రెండో రోజు పాపను బడికి దింపాలి. ఆరేళ్లది. ఎస్‌యూవీలో దాని సీటు బిగించడానికి వెనక సీటు సందులో ఇనుప కొక్కేలు ఉంటాయి, అందులో టక్కున పడుతుంది. సిటీలో ఆ కొక్కేలు లేవు. బెల్టుతో కట్టి చూశాను. కుడి పక్కకు లాగితే కుడికి, ఎడమకు లాగితే ఎడమకు ఒరుగుతోంది. ఆ కారుకు ఎయిర్‌బ్యాగులు లేవు. ఏబీఎస్ లేదు. తప్పు కారుది కాదు. అది తయారైనప్పుడు మన దేశంలో అవి ఉండాలని ఎవరూ అడగలేదు. కొత్త కార్లన్నిటిలో ఏబీఎస్, డ్రైవరు ఎయిర్‌బ్యాగు తప్పనిసరి అయింది 2019లో. ముందు సీట్లో రెండోవాళ్లకు ఎయిర్‌బ్యాగు 2021లో.

ఈ సంవత్సరాలు నాకు కంఠతా వచ్చు. ఎందుకంటే నేను రాసిన వార్తలే. 2022లో మన రోడ్ల మీద 1,68,491 మంది చనిపోయారు. అదే ఏడాది సెప్టెంబరులో వెనక సీట్లో బెల్టు లేకుండా కూర్చున్న సైరస్ మిస్త్రీ పోయినప్పుడు, వెనక సీటు బెల్టు మీద రెండు పేజీల కథనం రాశాను. జనం ముందు సీటు గురించే ఆలోచిస్తారని, వెనక కూర్చున్నవాళ్ల భద్రత ఎవరికీ పట్టదని అందులో గట్టిగానే విమర్శించాను. ఆ పొద్దున బడి గేటు ముందు, పాప సీటును ఒక చేత్తో పట్టుకుని, ఆ కథనం రాసినవాడు ఎవడా అనుకున్నాను.

సాయంత్రం తాళం ఇవ్వడానికి ఉతై వెళ్లాను. ఏమనాలో తెలియక వెనక తలుపు తెరిచి, "మావయ్యగారూ, ఈ సీటు ఇంత కొత్తగా ఎలా ఉంచారు?" అన్నాను.

ఆయన నవ్వారు. "దాన్లో ఎవులు కూకున్నారు బాబూ? ఎల్లినప్పుడు బియ్యం బస్తా. వచ్చినప్పుడు మామిడికాయల బుట్ట. మీ అత్తయ్య ఉంటే నాను ఈ కారు కొందునా? ఆవిడికి నడుం నొప్పి. ఇలాటిది ఎక్కలేదు."

అన్నాళ్లూ నేను సాక్ష్యం అనుకున్నది అది. ఆయన ధైర్యం నిజమే. అందరి మాటా కాదని తన ఇష్టం నెగ్గించుకోవడమూ నిజమే. కానీ ఆ ధైర్యం ఖర్చు భరించింది ఆయన ఒక్కరే. ఘాట్‌లో ఏదైనా జరిగితే ఆయనకే జరిగేది. నేను తెగించి ఆ కారు కొంటే తెగింపు నాది, మోకాళ్లు నాన్నవి, ఒరిగే సీటు పాపది. మా ఆవిడ కాగితం మీద గీసిన గీతకు రెండు పక్కలా రాసిన అంకెల్లో ఇది లేదు. పెట్రోలుకు, ఆర్సీకి నేను డబ్బు కడతాను. దీనికి కట్టేది వేరేవాళ్లు.

మార్చుకోవడం లేదని చెప్పాను. ఆయన ఆశ్చర్యపోలేదు. "మీ నాన్న నిన్ననే ఫోన్ చేసినాడు. కారు బాగుందని చెప్పినాడు. ఎక్కడం గురించి ఏటీ అన్లేదు. అప్పుడే అనుకున్నాను" అన్నారు.

కారును చివరికి సుపేలా మెకానిక్కే కొన్నాడు, అడిగినదానికంటే పదిహేను వేలు తక్కువకు. అతనికి రోజూ తిరగడానికి మోటార్‌సైకిల్ ఉంది. సామాను ఎక్కడ దొరుకుతుందో తెలుసు. పెళ్లి కాలేదు. దానికి తగిన చెయ్యి అదే. పేరు మార్పిడి కాగితాల మీద సాక్షి సంతకం నాది. మావయ్యగారు సంక్రాంతికి ముందే వైజాగ్ వెళ్లిపోయారు. 2024లో మొదలైన వందే భారత్‌లో దుర్గ్ నుంచి ఎక్కించాను. స్టేషన్‌కు మా ఎస్‌యూవీలోనే తీసుకెళ్లాను. ఎత్తు సీటు ఆయనకూ సుఖంగానే ఉంది. దారి పొడుగునా ఒక్కమాట అనలేదు గానీ, రెండుసార్లు కుడికాలితో నేలను నొక్కారు.

నన్ను ఓదార్చడానికి మా ఆవిడ ఒక మాట ఇచ్చింది. "పాప పెళ్లయ్యాక, మీకు అరవై వచ్చాక, మీకు నచ్చిన కారు కొనుక్కోండి. కాగితం అడగను." ఆ కాగితం మడిచి కారు డ్యాష్‌బోర్డు అరలో పెట్టాను. అప్పటికి అలాంటి కారు ఎక్కడైనా మిగిలి ఉంటుందా, ఉన్నా దానిలో పోయడానికి పెట్రోలు అమ్ముతారా అన్నది వేరే సంగతి. ఈలోగా నెలకోసారి సుపేలా వెళ్తున్నాను. నా కారుకు అంత సర్వీసు అవసరం లేదని మెకానిక్‌కూ తెలుసు. ఏమీ అడక్కుండా సిటీ తాళం తీసి బల్ల మీద పెడతాడు. నేనొక్కడినే వెళ్లి పది నిమిషాల్లో వచ్చేస్తాను.